కోచ్‌గారి వెనకచూపు

ఆ జనవరి ఉదయం లైల్ కుచేరా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నం భోజనం వేళకి వెస్ట్‌కెర్క్ ఊరి బయట రోలోఫ్స్ వాళ్ళింటికి చేరాలి. పెట్టిందల్లా తినాలి. వాళ్ళబ్బాయి గెరిట్ చేత "మీ జట్టుకే ఆడతాను" అనిపించుకోవాలి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఇందులో పొరపాటు దూరడానికి సందెక్కడుందో ఆయనకు కనిపించలేదు.

కీలర్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో లైల్ లైను కోచ్. ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో కాలితో ఆడేది తక్కువ, కాయంతో ఆడేది ఎక్కువ. బంతి విసిరేవాడి ముందు గోడకట్టి నిలబడే అయిదుగురు భారీకాయులకు లైల్ గురువు. ఆ అయిదుగురూ బంతిని ముట్టుకోరు, బంతి విసిరేవాణ్ణి ఎవరినీ ముట్టుకోనివ్వరు. వాళ్ళ పేరు పేపర్లో రాదు. వచ్చిందంటే ఏదో తగలబెట్టారని అర్థం. వాళ్ళ వెనక మరో అయిదుగురు సిద్ధంగా ఉంటే దాన్ని లోతు అంటారు. ఆ ఏడాది లైల్ లైనుకున్న లోతు సాసర్లో కాఫీ అంత. ఇద్దరికి మోకాళ్ళు పోయాయి, ఒకడికి భుజం పోయింది, ఇంకొకడికి ప్రేమలో పడి పరీక్షలే పోయాయి.

పెద్ద కోచ్ డ్వైట్ ప్రేథర్ ముందురోజే తేల్చేశాడు.

"లైను లేకపోతే లైను కోచ్ ఎందుకయ్యా? ఆ రోలోఫ్స్ కుర్రాణ్ణి పట్టుకురా. లేదంటే ఆ విజిల్ నా బల్లమీద పెట్టేసి వెళ్ళు."

ఇంట్లో భార్య డార్లా ఇంకోటి తేల్చింది. కుచేరా అనే పేరు కుచేలుడి దగ్గర బయల్దేరి కుబేరుడి దాకా పోలేక మధ్యలో ఆగిపోయింది గానీ, పొట్ట మాత్రం ఆగలేదు. డాక్టరు అది చూసి భయపడ్డాడు. డార్లా ఒక డబ్బానిండా సెలరీ అనే చప్పటి ఆకుకూర కాడలు తరిగి చేతికిచ్చింది.

"ఈ రోజు వీటితో సరిపెట్టుకో. వాళ్ళింట్లో ముద్ద ముట్టావంటే నాకు తెలిసిపోతుంది."

"డార్లా, శాలరీ కోసం పోతూ సెలరీ తింటే ఎలాగే? రెండోసారి వడ్డించుకోని కోచ్‌ని ఏ తల్లి నమ్ముతుంది? రోజూ మూడొందల పౌండ్ల కొడుక్కి వండే మనిషి ఆవిడ!"

"కొడుక్కి మూడొందలు సరే. నీకెందుకూ?"

లైల్ డబ్బా పట్టుకుని కారెక్కాడు.

లైల్‌కి గెరిట్ రోలోఫ్స్ ముఖం తెలియదు. అందులో వింతేం లేదు. లైను ఆటను వెనకనుంచి, ఎత్తునుంచి కెమెరాతో తీస్తారు. లైను కోచ్‌లు చీకటి గదిలో కూర్చుని కుర్రాళ్ళ వెనకభాగాలనే నెలల తరబడి చూస్తారు. నడుమెంత కిందకి వంగింది, తుంటి ఎటు తిరిగింది, పాదం ఎక్కడ పడింది, వాళ్ళకి కావలసింది అంతే. డెబ్భైనాలుగో నంబరు కుర్రాడి వెనకభాగాన్ని వాడి కన్నతల్లి కూడా చూడనంత శ్రద్ధగా లైల్ చూశాడు. ఇక ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఆ కుర్రాడు అన్నది "ఊఁ" ఒక్కటే.

వెస్ట్‌కెర్క్ దాటాక మంచు దట్టంగా పడింది. రోడ్డు పక్కన వరసగా పోస్టు డబ్బాలు. ఒక్కొక్కటీ తుడిచి చూశాడు. అన్నిటిమీదా రోలోఫ్స్ అనే ఉంది. ఆ రోడ్డంతా అన్నదమ్ములే. ఎటు తిరగాలో తోచక నిలబడి ఉండగా, గుంటలో దిగబడ్డ పికప్ బండిని ఒక మనిషి తోస్తూ కనిపించాడు. వీపు ఇటుంది. నడుం కిందకి దిగింది, తుంటి తిరిగింది, బండి ఆవలించినట్టు చప్పుడు చేసి రోడ్డెక్కేసింది.

లైల్ ఒళ్ళు పులకరించింది. ఆ వెనకభాగాన్ని ఆయన ఈ జన్మలో మరిచిపోలేడు.

"పెద్దోడా!" అని అరిచాడు. పేర్లు గుర్తుండని లైల్ తన కుర్రాళ్ళందర్నీ పిలిచే పిలుపది. "నేనే, కీలర్ స్టేట్ నుంచి! లైల్ కుచేరాని!"

మనిషి తిరిగాడు. టోపీ కళ్ళదాకా, గడ్డం మెడదాకా. మధ్యలో మిగిలిన కాస్త ముక్కుతో లైల్‌ని ఎగాదిగా చూశాడు.

"ఊఁ," అన్నాడు.

ఇంకేం కావాలి! గొంతు కూడా అదే.

ఇంటి గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. తెల్లజుట్టు, పిండి చేతులు. పేరు ఆర్లిస్ అని చెప్పింది.

"లోపలికి రా నాయనా, గడ్డకట్టిపోతావ్. నీకోసం ఎన్నాళ్ళుగా చూస్తున్నామో!"

ఫోన్లో తల్లి గొంతు చిన్నవయసుదిలా వినిపించిందే అని లైల్‌కి ఒక్క క్షణం అనిపించింది. జలుబేమో అనుకున్నాడు. లోపల మనిషి టోపీ తీస్తే నున్నటి బట్టతల. పద్దెనిమిదేళ్ళకే బట్టతలొచ్చిన లైను కుర్రాళ్ళను ఇద్దర్ని చూశాడు లైల్, తల పట్టించుకోలేదు. గోడమీద ఫుట్‌బాల్ కప్పులేం లేవు, జిల్లా సంతలో పందికి మొదటి బహుమతిగా వచ్చిన నీలం రిబ్బన్ ఉంది. ఎంత వినయమైన ఇల్లు అనుకున్నాడు.

బల్లమీద తియ్యటి పులుసులో మునిగిన పందిమాంసపు హామ్ ఉండలు, ఆలుగడ్డ గుజ్జు, వెన్నలో మొక్కజొన్న, బ్రెడ్డు వచ్చాయి. ప్రార్థన అయింది. లైల్ ఒకసారి తిన్నాడు, రెండోసారి వడ్డించుకున్నాడు. సెలరీ డబ్బా కారులో చలికి వణుకుతోంది. తింటూనే పని మొదలుపెట్టాడు.

"పెద్దోడా, సూటిగా చెబుతున్నా విను. నీలాంటి నడుం నేను చాలా ఏళ్ళుగా చూళ్ళేదు. మా దగ్గరికొస్తే నువ్వు లైన్లో నిలబడి ఎదురుచూడక్కర్లేదు, లైనే నీకోసం ఎదురుచూస్తోంది. లైన్లో ఎడమ చివర నిలబడే టాకిల్ స్థానం నీదే. చదువు, గది, తిండి, అన్నీ మావే."

పెద్దోడు గరిటె పట్టుకున్న చేతిని అలాగే ఆపేశాడు. కళ్ళు కాస్త చెమర్చాయి. పులుసు వేడికనుకున్నాడు లైల్.

"నాకా?" అన్నాడు చివరికి.

"నీకే! ఇంకెవరికీ?"

"మరి పందుల్నెవరు చూస్తారు?"

"ఆదివారాలు వచ్చి చూసుకో. పందులెక్కడికి పోతాయ్?"

"ఏం చదవచ్చు?"

"నీకేది ఇష్టమైతే అది."

"చరిత్రంటే ఇష్టం," అన్నాడు పెద్దోడు సిగ్గుపడుతూ. "పాత యుద్ధాలవీ."

ఆర్లిస్ కళ్ళు తుడుచుకుంది. లైల్ లేచి చెయ్యి చాచాడు. పెద్దోడు ఆ చేతిని పట్టుకుని పిండేశాడు. తల్లి ముందు కలిపిన చెయ్యంటే ఆ ప్రాంతంలో కోర్టు కాగితం కన్నా గట్టిది.

అప్పుడే లైల్ జేబులో ఫోను గుర్రుమంది. సరిగ్గా అప్పుడే ఆర్లిస్ బైబిల్ తెరిచింది. భోజనం తర్వాత చదవడం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ కదలరు. ఆ రోజు వచ్చింది వంశావళి అధ్యాయం. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను. వాళ్ళంతా కంటూ ఉండగా ఫోను మళ్ళీ మళ్ళీ గుర్రుమంది. గోడమీది ఫోను కూడా మోగింది. ఆర్లిస్ వేలు కూడా ఎత్తలేదు. చదవడం అయ్యాక ఆపిల్ పై అనే తియ్యటి రొట్టె వచ్చింది. లైల్ మూడో ముక్క నోట్లో పెట్టుకోబోతుండగా తలుపు ధడాలున తెరుచుకుంది.

ముందు ఒక మధ్యవయసావిడ, రెండు చేతులా మూతపెట్టిన పెద్ద గిన్నె. పేరు ట్రిష్, ఆర్లిస్ పెద్ద కోడలు, పక్కింటి మనిషి.

"అత్తయ్యా! ఆయన కారు మీ ముంగిట్లో పెట్టుకుని నేను ఫోన్ చేస్తే తియ్యరేం? మా బల్లమీద వంట చల్లారిపోయింది!"

"చదువుతున్నానమ్మా. మధ్యలో ఎలా లేస్తాను?"

ట్రిష్ వెనకే ఒక కుర్రాడు వచ్చి, గుమ్మంలో వెనక్కి తిరిగి, బూట్లు విప్పడానికి వంగాడు.

లైల్ చేతిలో ముక్క జారింది. అదే నడుం. అదే తుంటి. అసలు డెబ్భైనాలుగు! పక్కకి తిరిగి చూస్తే పెద్దోడు కింద పడ్డ ముక్క తియ్యడానికి వంగి ఉన్నాడు. రెండూ ఒక్క అచ్చులోంచి తీసినట్టున్నాయి.

"మరి... మీరెవరండీ?" అన్నాడు లైల్ నీరసంగా.

"హార్లన్‌ని. గెరిట్‌కి బాబాయ్‌ని," అన్నాడు పెద్దోడు. "ముప్పై ఏడు నడుస్తోంది."

"ముందే చెప్పచ్చుగా!"

"భోజనం వేళకొచ్చిన మనిషిని ఎందుకొచ్చావని అడుగుతామా నాయనా?" అంది ఆర్లిస్. ట్రిష్ వైపు తిరిగి, "మన హార్లన్‌కి చదువు, గది, తిండి ఇస్తానని చెయ్యి కూడా కలిపాడమ్మా," అంది.

ఇవి చాలవన్నట్టు గుమ్మంలో మూడో మనిషి ప్రత్యక్షమయ్యాడు. పక్క రాష్ట్రపు పెద్ద యూనివర్సిటీ లైను కోచ్ బ్రాడ్ స్పైవీ. సాయంత్రం రావలసినవాడు ముందే వచ్చి, ట్రిష్ ఇంట్లో ఖాళీగా ఉన్న లైల్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కసారే వడ్డించుకుని, డైటింగ్‌లో ఉన్నానన్నాడు. ఈ మాట మీద ట్రిష్‌కి ఇంకా కోపం తగ్గలేదు.

"ఏంటి లైల్, ముప్పై ఏడేళ్ళాయనకి స్కాలర్‌షిప్ ఇచ్చావటగా?" స్పైవీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ లైను లోతు అంతలోతుకి పోయిందా? పందుల కొట్టం దాకా దిగారా?"

హార్లన్ ముఖం ఎర్రబడింది. బల్లమీద చూపు పెట్టి, "మీరు చెబుతుంటే వినడానికి బాగుందండీ కోచ్," అన్నాడు మెల్లగా. "నా పద్దెనిమిదో ఏట నాన్నకి జబ్బు చేసింది. అప్పుడీ రోడ్డున ఎవరైనా వస్తారేమోనని చూశాం. రాలేదు. ఆపిల్ పై తినేదాకా చెప్పనిద్దాం అనుకున్నా. తప్పే. చెయ్యి వెనక్కి తీసుకోండి."

లైల్ కళ్ళముందు ప్రేథర్ బల్లా, దానిమీద తన విజిలూ కనిపించాయి. ఇప్పుడు నవ్వేస్తే చాలు. పొరపాటండీ అనేసి, గెరిట్ వైపు తిరిగి, అదే ఉపన్యాసం మొదటినుంచి అందుకోవచ్చు. ఆయన నోరు తెరిచాడు. ఎదురుగా హార్లన్ వంచిన తల కనిపించింది.

"తీసుకోను," అన్నాడు. "నేను చూసింది తప్పు కాదు. ఆ నడుం నిజమే, బండిని తోసింది నిజమే. పొరపాటల్లా ఇరవై ఏళ్ళు ఆలస్యంగా చూడటం. అప్పట్లో ఈ రోడ్డు పక్కనుంచి పోయి, ఈయన్ని చూడకుండా పోయిన గుడ్డిగాడిద ఎవడో గానీ..."

"అప్పుడు ఈ చుట్టుపక్కలకి వచ్చేది మీరే కదూ స్పైవీగారూ?" అంది ఆర్లిస్ చాలా మర్యాదగా. "మా ఇంటిముందే ఆగారు. దారి అడిగి వెళ్ళిపోయారు."

స్పైవీ నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది.

అంతవరకూ తలుపు దగ్గర బూట్లు పట్టుకుని నిలబడ్డ గెరిట్ గొంతు సవరించుకున్నాడు. వాడు "ఊఁ" కాకుండా ఇంకో మాట అంటాడని వాళ్ళమ్మకే నమ్మకం లేదు.

"నాకు లైను ఆట నేర్పింది బాబాయే. రోజూ కొట్టం వెనక నన్ను తోసేవాడు, నేను తోసేవాణ్ణి," అన్నాడు. "వచ్చిన కోచ్‌లందరూ బాబాయ్ పక్కనుంచే నడిచిపోయారు. ఆగి చూసింది మీరొక్కరే. నేను కీలర్‌కే వస్తాను."

"ముందు నా వంట తినాలి," అంది ట్రిష్ గిన్నె బల్లమీద దబ్బున పెట్టి. "అత్తయ్య దగ్గర ఎన్నిసార్లు వడ్డించుకున్నారో నా దగ్గరా అన్నిసార్లు!"

లైల్ బెల్టు ఒక రంధ్రం వదులుచేశాడు. అది ఆఖరి రంధ్రం. ఉద్యోగం కోసం ఎందరో ఎన్నో మింగారు, తానూ మింగగలడు. మింగాడు. హార్లన్ జాలిపడి తన వంతూ సాయం పట్టాడు. స్పైవీ ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. దారి మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చిన లైల్‌ని చూసి డార్లా సెలరీ డబ్బా అడిగింది. మూత తీసి చూసింది. డాక్టరు నంబరు కలిపింది.

వేసవి చివర్లో గెరిట్ కీలర్ స్టేట్ హాస్టల్లో చేరాడు. సామాను దింపడానికి హార్లన్ కూడా వచ్చాడు. పందులను ఒకరోజు అన్నకి అప్పగించి, లైల్ ఏర్పాటు చేసినట్టుగా యుద్ధాల చరిత్ర క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, ఒక పేజీ నిండా రాసుకుని వచ్చాడు. ఇప్పుడు గెరిట్ మంచాన్ని లారీలోంచి దింపుతున్నాడు.

పెద్ద కోచ్ ప్రేథర్ కిటికీలోంచి చూసి లైల్ చొక్కా పట్టుకుని లాగాడు.

"లైల్! మన కుర్రాడి పక్కన ఆ రెండోవాడెవడు? ఆ నడుం చూడు, ఆ తుంటి చూడు! వెంటనే వెళ్ళి వాణ్ణి కూడా కలుపుకో, ఇంకెవడైనా ఎగరేసుకుపోతాడు!"

లైల్ సెలరీ కాడ కొరుకుతూ అన్నాడు.

"ముందు ఒకసారి ముందునుంచి చూడండి సార్."