కల్లుపాక దారి పట్టిన మోటారు సైకిలు

సైదా సాహెబ్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎలమంచిలి నుంచి బట్టల వ్యాపారి హిదాయతుల్లాగారు రైల్లో దిగుతారు. ఆయన్ని మోటారు సైకిలు మీద దర్జాగా ఇంటికి తీసుకురావాలి. కూతురు ఖమర్జహాన్‌ని ఆయన కొడుక్కిచ్చే మాట ఖాయం చేసుకోవాలి. పిల్లాడు బుద్ధిమంతుడు, పిల్లకి ఇష్టమే. తేడా అంతా బండిలోనే ఉంది.

యుద్ధం ముగిశాక విశాఖపట్నంలో పటాలం వాళ్లు వేలం వేసిన బండి అది. అనకాపల్లి బెల్లం దళారుల్లో మోటారు సైకిలెక్కిన మొదటి మొనగాడు మన సాహెబే. నల్ల షేర్వానీ, ఎర్ర కుచ్చు టోపీతో ఆయన వెళుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు. కానీ కొన్నాళ్లుగా బండి మాట వినడం మానేసి ఎడమకి లాగేస్తోంది.

"ఇయ్యాల్టికి జట్కా కట్టించకూడదేటండీ?" అంది భార్య దిల్షాద్ బేగం. ఆవిడ పరదా దాటేది తక్కువ. అయినా ఆవిడకి తెలియకుండా ఆ వీధిలో ఆకు కదలదు.

"జట్కాలో ఎవరైనా తెత్తారు బేగం. షాపులో నాగూర్ మీరా నిన్ననే బాగు చేసేడు."

"బాగు చేసిన ప్రతిసారీ ఇదే మాటన్నారు."

సాహెబ్ వినిపించుకోలేదు. కాబోయే వియ్యంకుడికి కానుకగా ఓ పెద్ద బెల్లం దిమ్మని బండి సంచిలో పెట్టాడు. చేతిలో బెల్లం లేకుండా ఆయన ఎవరి ముందూ నిలబడడు. కుడి సంచి సైలెన్సరు పక్కనే ఉంటుంది, వేడికి బెల్లం కరిగిపోతుంది. అందుకని దిమ్మ ఎప్పుడూ ఎడమ సంచిలోనే.

స్టేషను రోడ్డు మలుపులో, ఎడమ పక్కన, పోతురాజు కల్లుపాక ఉంది. దాని దగ్గరకి వచ్చేసరికి బండి మళ్లీ లాగింది. సాహెబ్ కుడికి తిప్పాడు, అది ఊగింది. ఆ చప్పుడు బాగా అలవాటైన పోతురాజు గబగబా కుండలు లోపలికి జరిపాడు గానీ, ఒకటి మిగిలిపోయింది. సాహెబ్ తిన్నగా పాకలోకి దూరి, ఆ కుండ పగలగొట్టి, షేర్వానీ అంతా కల్లులో తడుపుకున్నాడు.

"రండి సాయిబుగారూ. రోజూ కన్నా ఇయ్యాల కూసింత ఆలీసమయ్యింది," అన్నాడు పోతురాజు మర్యాదగా.

ఆ మాట రోడ్డు మీద నిలబడి ఉన్న హిదాయతుల్లాగారు విన్నారు. రైలు దిగి, ఎవరూ రాలేదని నడిచి వస్తున్నారాయన.

"భాయీ సాహెబ్, నేను దీన్ని ముట్టనే ముట్టను. బండి లాగేసింది," అన్నాడు సాహెబ్.

"లాగుద్దండి. మా ఊళ్లో కూడా కొందరిని ఇలాగే లాగుద్ది," అన్నారాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

సాహెబ్‌కి ప్రాణం చచ్చిపోయింది. బండిదే తప్పని రుజువు చేద్దామని ఆయన్ని బతిమాలి నాగూర్ మీరా షాపుకి తీసుకెళ్లాడు. అక్కడా అలవాటు ఊరుకోలేదు. వెళ్లగానే దిమ్మ తీసి మీరా బల్ల మీద పెట్టాడు. వియ్యంకుడికిద్దామనుకున్నది కాస్తా రిపేరు షాపుకి సమర్పణ అయిపోయింది.

నాగూర్ మీరా పని చూస్తే ఎవరైనా మెచ్చుకోవలసిందే. టైర్లలో గాలి చూశాడు. చక్రాల చువ్వలన్నీ మీటి చూశాడు. హ్యాండిలు తిరిగే చోట ఉండే బాల్సు సరిచూశాడు. రెండు చక్రాలకీ కలిపి దారం పట్టి వంకర ఉందేమో వెతికాడు. చివరికి ఎక్కి కశింకోట రోడ్డు మీద పోయి వచ్చాడు. బండి గీత గీసినట్టు నడిచింది.

"అల్లా సాచ్చిగా సెప్తన్నానండి, బండికేటీ లేదు. నేను తోల్తే తిన్నగా పోతాది. సాయిబు మామ తోల్తేనే..." అని, అప్పుడు చూశాడు సాహెబ్ మొహం.

ఇంట్లో హిదాయతుల్లాగారు భోజనం వద్దన్నారు. టీ మాత్రం తాగారు. "సంబంధాలు అల్లా కలపాలండి. ఇది కలపలేదనుకుందాం," అని లేచారు. లోపల ఖమర్జహాన్ ఏడుపు వీధిలోకి వినిపించింది. సాహెబ్‌కి తలెత్తుకునే దారి లేకపోయింది.

దిల్షాద్ బేగం మాత్రం పద్ధతి తప్పలేదు. "బెల్లం లేకుండా మన గుమ్మం దాటనియ్యకండి," అని పరదా వెనకనుంచి ఇంకో దిమ్మ గోనెసంచిలో పెట్టించి ఇప్పించింది. కుడి చేతిలో గొడుగుంది కనుక హిదాయతుల్లాగారు సంచి ఎడమ చేత్తో పట్టుకుని బయల్దేరారు.

నాలుగడుగులు బాగానే వేశారు. తరవాత మనిషి ఎడమకి తూలాడు. కుడికి సర్దుకున్నాడు. మళ్లీ ఎడమకి పోయి, వీధిలో కూరగాయలమ్మే అప్పలనర్సమ్మ వంకాయల తట్టని తన్నేశాడు.

పరదా సందులోంచి బేగం చూస్తోంది. భర్త తప్పతాగాడన్న మాట పొద్దున్నుంచీ ఆవిడ గుండెలో ముల్లులా గుచ్చుకుంటోంది. గొంతెత్తి, ఎంతో వినయంగా అడిగింది.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. తమరు ఏ పాకలో తాగేరండి?"

హిదాయతుల్లాగారు గిరుక్కున వెనక్కి తిరిగారు.

"నేనా? ఏటమ్మా ఆ మాట. బరువంతా ఒక పక్కే ఉంది, లాగేత్తంది. ఈ బెల్లం దిమ్మ..."

మాట సగంలో ఆగిపోయింది. అప్పుడే నాగూర్ మీరా బండి తెచ్చి వాకిట్లో పెడుతున్నాడు. హిదాయతుల్లాగారు ఖాళీగా ఉన్న ఎడమ సంచి వంక చూశారు, తన చేతిలోని దిమ్మ వంక చూశారు. వెనక్కొచ్చి దిమ్మని ఆ సంచిలో పడేసి, మీరాని తోలమన్నారు. మీరా తోలాడు. ఎడమకి పోయి, అప్పలనర్సమ్మ ఏరుకున్న వంకాయల్ని మళ్లీ తొక్కాడు.

"ఇంకో తట్ట బీరకాయలున్నాయి. అయ్యి కూడా తెమ్మంటారేటి బాబూ?" అందావిడ.

హిదాయతుల్లాగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, పరదా వైపు తిరిగి చేతులు జోడించారు.

"తప్పు నాదమ్మా. దారం పట్టి వెతికినా దొరకనిది నువ్వు సందులోంచి చూసి ఒక్క మాటతో పట్టేసేవు. నీ చేతుల్లో పెరిగిన పిల్ల మా ఇంటికొత్తే మాకింకేం కావాలి? ఏదమ్మా, ఆ భోజనం ఇప్పుడు పెట్టు."

సాయంత్రం సాహెబ్ రెండు సంచుల్లోనూ చెరో దిమ్మా వేసి, వియ్యంకుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని స్టేషనుకి తీసుకెళ్లాడు. బండి ఏ పక్కకీ లాగలేదు. పోతురాజు కుండలు సర్దుకుని ఎదురు చూశాడు గానీ ఎవరూ లోపలికి రాలేదు.

కుడి సంచిలో దిమ్మ దారి పొడవునా కరిగి కారింది. మర్నాడు పొద్దున్న సాహెబ్ ఇంటి నుంచి స్టేషను దాకా చీమలు బారు కట్టాయి. కల్లుపాక దగ్గర కూడా ఆ బారు వంకర పోలేదు.