సారు చదువుకుంటారు

ఆ రోజు పొద్దున నరసింహ వేసుకున్న పథకం చాలా చిన్నది. యాదయ్యకు తొందరగా టీ తాగించి, డిజైనరమ్మ వచ్చేలోపు అతన్ని అరుగు మీంచి సాగనంపాలి. అంతే. లేచి పొమ్మని చెప్పలేక, తనకు మేడ్చల్‌లో అర్జెంటు పనుందని అబద్ధమాడి లేపేశాడు. అంత చిన్న అబద్ధంతో మొదలైంది చివరికి తన కొంప ముంచుతుందని ఆయనకేం తెలుసు?

యాదయ్య పరాయివాడు కాడు. శామీర్‌పేట బడిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే ఏడు పదో తరగతి తప్పారు. తర్వాత నరసింహ వ్యవసాయంలోకీ, యాదయ్య బర్రెల పెంపకంలోకీ దిగారు. తెల్లారి ఊళ్లో పాలు పోయడం అయ్యాక యాదయ్య ఖాళీ క్యాను పక్కన పెట్టి నరసింహ ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. వెనకే మల్లేశం, ఇంకో నలుగురు వచ్చేవాళ్లు. నరసింహ భార్య బాలమణి అందరికీ టీ ఇచ్చేది. వానల సంగతి, ఓట్ల సంగతి, ఎవరి కోడలు అలిగిందన్న సంగతి అన్నీ అక్కడే తేలేవి. నరసింహకు ఒకపూట అన్నం లేకపోయినా నడిచేది గానీ, ఆ ముచ్చట లేకపోతే ఆ రోజంతా ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగేవాడు.

రింగురోడ్డు వస్తుందన్న మాటతో ఊరి భూములకు రెక్కలొచ్చిన కాలం అది. నరసింహ రోడ్డు పక్క చెలక అమ్మి, పాత ఇంటి పక్కనే కొత్తిల్లు లేపాడు. గోడలు, స్లాబు అయ్యాయి. వడ్లాయన్ని పిలిచి నాలుగు అల్మారాలు చేయిద్దామంది బాలమణి. కానీ దుండిగల్ దగ్గర ఒక కొత్త కాలనీలో గృహప్రవేశానికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నరసింహ కాళ్లు నేల మీద లేవు. ఆ ఇంటి లోపలి హంగులన్నీ చేసిన శ్రీలేఖనే తన ఇంటికీ రమ్మన్నాడు.

ఆ పొద్దున యాదయ్య వెళ్లాక శ్రీలేఖ స్కూటీ మీద వచ్చింది. రాజమండ్రి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఆ కాలనీలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. రంగురంగుల బొమ్మలు చూపిస్తుందనుకున్నాడు నరసింహ. ఆమె టేపు కూడా బయటికి తీయకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎప్పుడు లేస్తారు, లేవగానే ఎక్కడ కూర్చుంటారు, ఇంటికి ఎవరెవరు వస్తారు, చెప్పులెక్కడ విడుస్తారు, అన్నం ఎక్కడ తింటారు.

"మీరెలా ఉంటారో ఉన్నదున్నట్టు చెప్పండి సార్, చాలు," అంది. "దాన్ని బట్టే డ్రాయింగు వేస్తాను. ప్లైవుడ్ కోశాక మళ్లీ అతికించలేమండి."

నరసింహకు తెలిసి ఇన్ని ఆరాలు ఒకే సందర్భంలో తీస్తారు, పిల్లనిచ్చేవాళ్లు వచ్చినప్పుడు. ఊళ్లో సంబంధాలు మాట్లాడే పెద్దమనిషి ఆయనే. పిల్లగాడు బీడీ ముట్టడనీ, తల్లి గీసిన గీత దాటడనీ హామీ ఇచ్చి ఎన్ని పెళ్లిళ్లు కుదిర్చాడో. దాన్ని ఆయన అబద్ధం అనుకోడు, మర్యాద అనుకుంటాడు. ఆ అలవాటే ఇప్పుడూ నాలుక మీదికి వచ్చింది.

"పొద్దుగాల లేవంగనె బుక్కులు సదువుత," అన్నాడు.

తలుపు చాటున నిలబడ్డ బాలమణి కొంగు నోట్లో కుక్కుకుంది. నరసింహ ఆగలేదు. ఇంటికి ఊరికే ఎవరూ రారన్నాడు, వచ్చేవాళ్లు ఫోన్ చేసి వస్తారన్నాడు. కింద కూర్చోవడం తమ ఇంటా వంటా లేదన్నాడు. చప్పుడంటే తనకు అసలు పడదన్నాడు. శ్రీలేఖ ముఖం వెలిగిపోయింది. అందరూ టీవీకి చోటు అడిగేవాళ్లే గానీ, చదువుకోవడానికి చోటు కావాలన్న మనిషి తనకు ఇన్నాళ్లకు దొరికాడంది. తర్వాత బాలమణి వైపు తిరిగి, మేడంగారికి ఏం కావాలని అడిగింది.

"ఆమెకేం గావాలె? నేనేదంటె గదే," అన్నాడు నరసింహ.

వారానికి డ్రాయింగు వచ్చింది. అందులో ఇంటి ముందు వరండా లేదు. దాని చుట్టూ దళసరి అద్దాలు వచ్చి, అది చదువుకునే గది అయింది. లోపల గోడంతా పుస్తకాల అరలు, కింద మీగడ రంగు తివాచీ, ఒకే ఒక్క కుర్చీ. నరసింహ ఆ వరండాలో పొడుగ్గా అరుగు కట్టిస్తానని యాదయ్యకు మాటిచ్చి ఉన్నాడు. తాను చెప్పిందంతా ఉత్తదేనని అప్పుడే ఒప్పుకుంటే అక్కడితో పోయేది. కానీ కుదిరిన సంబంధాన్ని పెద్దమనిషే తన నోటితో చెడగొట్టుకుంటాడా? మస్తుగా ఉందని మెచ్చుకుని పంపించాడు.

అక్కడినుంచి ఆయన అబద్ధాలకు వడ్రంగులు తోడయ్యారు. అరలు తయారయ్యాక వాటిలోకి పుస్తకాలు కావాల్సి వచ్చాయి. నరసింహ ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడుకుని పాత పుస్తకాలమ్మే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు పోయి, అరల ఎత్తుకు సరిపోయేవన్నీ ఏరుకొచ్చాడు. వాటిలో సగం కోళ్ల జబ్బుల మీదా, సగం బాయిలర్ల మరమ్మతు మీదా ఉన్నాయి. చప్పుడు పడదన్నాడు కనుక తలుపులకు రబ్బరు పట్టీలు వచ్చాయి. చెప్పి వస్తారన్నాడు కనుక గేటుకు గంట వచ్చింది. వచ్చినవన్నీ అందంగానే ఉన్నాయి. అదే ఆయన్ని ఇంకా భయపెట్టింది.

అద్దాలు బిగిస్తున్న రోజు యాదయ్య పాల క్యానుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏందిరా నర్సిగా, మనం కూసునేది ఏడ మరి?"

శ్రీలేఖ అక్కడే ఉంది. ఎవరూ రారని చెప్పిన ఇంటికి వచ్చి, ఇంటాయన్ని 'రా' అంటున్న ఈ మనిషెవరన్నట్టు నరసింహ వైపు చూసింది. నరసింహ నోటికి వచ్చిన మాట అనేశాడు.

"పాలు వోసెటాయన."

అది అబద్ధం కూడా కాదు. యాదయ్య ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. శ్రీలేఖ ఎంతో మర్యాదగా, "బాబాయ్‌గారూ, ఇకనుంచి పాలు వెనక గుమ్మంలో ఇవ్వండి. పొద్దున పూట సార్ చదువుకుంటారు," అంది. ఆ మాటకు నరసింహ అడ్డు చెప్పలేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఎందుకు చెప్పలేదో ఆయనకే అర్థం కాలేదు.

గృహప్రవేశానికి పొంగించే పాలు యాదయ్యే తెచ్చి, వెనక గుమ్మంలో ఇచ్చి, చివరి బంతిలో తిని వెళ్లిపోయాడు. పాత ఇల్లు అరుగుతో సహా నేలమట్టమైంది. నరసింహ రోజూ తెల్లారి లేచి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, అద్దాల్లోంచి గేటు వైపు చూసేవాడు. గంట మోగేది కాదు. మల్లేశం గేటు ముందు నుంచే పోతూ తల తిప్పేవాడు కాదు. కొత్తిల్లు చూసి వీళ్లందరికీ కళ్లు మండుతున్నాయని మొదట్లో అనుకున్నాడు. రానురాను అలా అనుకోవడానికి కూడా మనసొప్పలేదు. రెండుసార్లు సిగ్గు విడిచి పొద్దున్నే యాదయ్య ఇంటికి పోతే, ఆయన లేడనీ, పాలు పోశాక ఎండెక్కేదాకా రాడనీ యాదయ్య భార్య చెప్పింది. బాలమణితో చెప్పుకుందామంటే, ఆమె టీ కప్పు పెట్టి, చదువుకొమ్మని చెప్పి తలుపు దగ్గరికి వేసి పోయేది. చేసేది లేక ఒకరోజు కోళ్ల జబ్బుల పుస్తకం తెరిచాడు. కొక్కెర తెగులు దాకా చదివేసరికి ఏడుపొచ్చింది.

ఆ రోజే శ్రీలేఖకు ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే ఆమె వస్తే కూర్చోమనడానికి రెండో కుర్చీ లేదు. నిలబెట్టే అంతా చెప్పేశాడు. తాను పుస్తకం పట్టే మనిషి కాడనీ, యాదయ్య తన ప్రాణమనీ, ఈ అద్దాలన్నీ పీకేసి అరుగు కట్టి పెట్టమనీ బతిమాలాడు.

శ్రీలేఖ ఒకసారి పుస్తకాల అరల వైపు చూసింది. "మీ ఇంటికని పిలిచి ఇంకెవరి ఇంటి సంగతో చెప్పారన్నమాట," అంది చివరికి. "అయినా అరుగు ఉందిగా సార్. వెనక ఎప్పుడూ చూడలేదా?"

వంటింటి వైపు కాలు పెట్టే అలవాటు ఆయనకు పాత ఇంట్లోనూ లేదు. శ్రీలేఖ వెంట నడిచాడు. రబ్బరు పట్టీల తలుపు తీయగానే గొల్లున నవ్వులు వినిపించాయి.

వంటింటి వెనక గోడ పొడుగునా షాబాద్ బండల అరుగు ఉంది. పైన రేకుల నీడ, పక్కన కాళ్లు కడుక్కునే నల్లా, టీ గ్లాసులు అందించడానికి కిటికీలో వెడల్పాటి చెక్క. యాదయ్య, మల్లేశం, మిగతా నలుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. అద్దాలు బిగించాక, నరసింహ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయిన ఒక రోజు బాలమణి శ్రీలేఖను కూర్చోబెట్టుకుందట. మొగుడి మాట పోకుండా తన సంగతి మాత్రం చెప్పుకుందట. పొద్దున్నే ఆరుగురికి టీ పోస్తాననీ, వాళ్లు కూర్చోవడానికి చోటు కావాలనీ అడిగిందట.

నరసింహను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడ్డారు. యాదయ్య భుజం మీది తువ్వాలు తీసి తాను కూర్చున్న చోటు దులిపాడు.

"కూసోన్రి సారు."

నరసింహ కూర్చోలేదు. "సారేందిరా యాదిగా? ఎప్పటి లెక్క పిలువు."

"పాలు వోసెటోన్ని. గట్లెట్ల పిలుస్త సారు?" అన్నాడు యాదయ్య. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నరసింహ కాళ్లు పట్టుకుని అయినా బతిమాలుకునేవాడు.

తాను కూర్చుంటే యాదయ్య నిలబడాలి. అందుకని నరసింహ చేతులు పట్టుకుని అందరినీ మళ్లీ కూర్చోబెట్టాడు. వాళ్లు ఇటొకరు అటొకరు జరిగి చూశారు గానీ, ఏడో మనిషికి చోటు రాలేదు. బాలమణి కిటికీలోంచి టీ గ్లాసు అందించింది.

"నువ్వు సదువుకుంటనంటివి గద," అంది. "గందుకే నిన్ను లెక్కల వట్టలే."

నరసింహ గోడకు ఆనుకుని నిలబడి టీ తాగాడు. శ్రీలేఖ పనిలో అంగుళం తేడా లేదు.