కంప్యూటర్ ‘తరువాత’ అంది

లాలాగూడలో ఉండే లూకా ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చిన్నదే. కంపెనీలో కంప్యూటర్ పాఠం ముగించాలి, పరీక్ష రాయాలి, సాయంత్రం భార్య జ్ఞానమణిని డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. పరీక్ష తప్పినవాళ్లకు రేపటి నుంచి గేటు తెరుచుకోదని ఆ మందుల కంపెనీ చెప్పేసింది. ఉద్యోగం పోతే ఈఎస్ఐ కార్డు పోతుంది. కార్డు పోతే డయాలసిస్ ఉండదు. ఆపై సంగతి ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోరు.

"చదువుడు, నొక్కుడు, గంతే," అని సూపర్‌వైజర్ భానుప్రకాశ్ మీటింగుకు పోయాడు.

జుట్టు నెరిసేదాకా అట్టపెట్టెలు కట్టిన లూకా మొదటి పేజీ శ్రద్ధగా చదివాడు. అడుగున పచ్చ డబ్బాలో "తరువాత" అని ఉంది. సరేననుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి కౌంటర్లలో ఎన్నోసార్లు విన్న మాట అది. విన్నాక కూర్చోవడమే అతనికి అలవాటు.

పక్క కుర్చీలోని తిరుమల్ తొంగిచూశాడు. "ఏందన్నా, గట్లనే కూసున్నవ్?"

"తరువాత అంటున్నది తమ్మీ. ఏదో పనిల ఉన్నట్టుంది."

"నాకు సుత గదే అంటున్నది. నేనేం తప్పు చేసిన్నో అని పరేషాన్ అయిన."

కాసేపటికి వరుస వరుసంతా చేతులు కట్టుకుంది. చాయ్ వచ్చింది, పోయింది. భోజనాల వేళకు తిరిగొచ్చిన భానుప్రకాశ్ తల పట్టుకున్నాడు.

"అది మీకు చెప్తలేదయ్యా! దాన్ని మీరు నొక్కాలె!"

నొక్కారు. పాఠం పరుగెత్తింది, ప్రశ్నలు వచ్చాయి. లూకా జవాబులన్నిటికీ టిక్కులు పెట్టాడు. చివర "సమర్పించు" అని కనబడింది. ఈ మాట అతనికి బాగా తెలుసు. చర్చిలో పాస్టరుగారు ఆ మాట అనగానే ఏం చేస్తాడో అదే చేశాడు. తల వంచి, కళ్లు మూసుకుని, జవాబులనూ జ్ఞానమణినీ దేవుడికి అప్పగించాడు. అప్పగించాల్సింది చాలా ఉండటంతో కాస్త ఆలస్యమైంది.

తెర పైనున్న కెమెరా అతన్నే చూస్తోంది. కంప్యూటర్ గంట కొట్టింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: "అభ్యర్థి నిద్రిస్తున్నారు."

"పండుకున్నవా?" అని అరిచాడు భానుప్రకాశ్.

"ప్రార్థన సార్. సమర్పించమన్నది."

"నా కొలువు సుత సమర్పిస్తవా ఏంది! జెర జరుగు!" అంటూ అతనే లూకా కుర్చీలో కూర్చుని నొక్కాడు. మళ్లీ గంట. "కెమెరాలో వేరొకరి ముఖం. ఫలితం హెడ్డాఫీసు పరిశీలనలో ఉంది."

లూకా తన అట్టపెట్టెల వైపు ఒకసారి చూసుకున్నాడు. ఇంటికి ఫోన్ చేయలేదు. తిరుమల్ తన చాయ్‌లో సగం అతని గ్లాసులో పోశాడు.

సాయంత్రం హెడ్డాఫీసు మెయిల్ వచ్చింది. భానుప్రకాశ్ పైకి చదువుతుంటే గొంతు తగ్గుతూ పోయింది. మొదటి పేజీని పూటంతా చదివిన వరుస కంపెనీ మొత్తంలో ఇదొక్కటే. జవాబులు సరైనవే, అందరూ పాస్. అందరికన్నా ఎక్కువసేపు చదివిన లూకాకు కళ్లు మూతపడటం సహజం. ఇకపై అతనే శిక్షకుడు. వేరొకరి పరీక్షలో చేయి పెట్టిన భానుప్రకాశ్ మాత్రం శిక్షకుడి ఎదుట పాఠం మొదటి నుంచి చదవాలి. లేదంటే గేటు తెరుచుకోదు.

భానుప్రకాశ్ కుర్చీ లాక్కుని మొదటి పేజీ తెరిచాడు. లూకా టిఫిన్ డబ్బా అందుకున్నాడు. గేటు బయట ఆటోలో జ్ఞానమణి ఎదురుచూస్తోంది.

"లూకన్నా, జెర ఆగు! గిప్పుడు నేనేం చెయ్యాలె?"

"తరువాత, సార్," అని లూకా వెళ్లిపోయాడు.

భానుప్రకాశ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.