నోటిపట్టీ కేసు

"నా పేరు వింటే నేరగాళ్లకి నిద్ర పట్టదు," అని ప్రకటించాడు చక్రవర్తి.

తూనికల ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక అపరాధ పరిశోధకుడి అవతారం ఎత్తాడు. ఇంతవరకు ఒక్క దొంగనీ పట్టుకోలేదు. అతన్ని మాత్రం జలుబు పట్టుకుని వారమైంది.

స్నేహితుడైన దర్జీ కాజాలు కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"మీ పై వాటాలో ఘోరం జరుగుతోందిరా! కండక్టరమ్మ నోటికి గుడ్డపట్టీ కట్టేసి ఉంది. కిటికీలోంచి చూశాను. పక్కనే మొగుడు, ఆ గడియారాలు బాగుచేసేవాడు!"

సూది ఆగిపోయింది. ఆ పట్టీ కుట్టింది దర్జీయే. "మెత్తగా ఉండాలి, కొస లాగితే ఊడిపోవాలి" అని ఆ మొగుడు చెబితే, ఎందుకని అడక్కుండా కుట్టిచ్చాడు. తన కుట్టుతోనే ఒక ఆడకూతురి నోరు మూయించాడా?

ఇద్దరూ మెట్లెక్కారు. చక్రవర్తి తలుపు తట్టలేదు, భుజంతో గుద్దాడు. గడియ వేసి లేదు. వెళ్లి లోపల బోర్లాపడ్డాడు.

మొగుడూ పెళ్లామూ టీ తాగుతున్నారు. పట్టీ బల్లమీద ఉంది.

"ఎవరూ కదలొద్దు! నేరం ఎలా జరిగిందో చేసి చూపిస్తాను!"

పట్టీ తన నోటికే బిగించుకుని, కొస సంగతి తెలియక వెనక రెండు పీటముళ్లు వేశాడు. ముక్కు ముందే దిబ్బడ. కళ్లు తేలేశాడు. చేతిలో భూతద్దం జారి ఠంగున పడింది.

దర్జీకి అర్థమయ్యేలోపే గడియారాలాయన కత్తెరతో పట్టీ తెగ్గోశాడు.

"అలవాటండీ," అన్నాడు సిగ్గుపడుతూ. "ఏది కిందపడ్డా ముందు విప్పడం, తర్వాతే మాట."

"నోరు కట్టుకుంటే వద్దనడానికి మాట రాదు కదా," అంది కండక్టరమ్మ. "అందుకే చేతిలో తాళాలగుత్తి పట్టుకుంటాను. వదిలానా, ఆట బంద్. ఆయన పక్కనుంచి లేవకూడదు. జలుబుంటే అసలు మొదలే పెట్టం. రోజంతా టికెట్ టికెట్ అని అరిచే నోరు నాది. సెలవునాడు మూసుకోవడం నా సరదా. మీకేం నొప్పి?"

"చూశావా!" రొప్పుతూనే అన్నాడు చక్రవర్తి. "ప్రాణాలొడ్డి నిజం రాబట్టాను. కేసు తేలిపోయింది!"

"బాబాయ్, ఈయన నన్నడక్కుండా ఒక్క ముడీ వెయ్యలేదు. మీరు నన్నడక్కుండా నన్ను కాపాడ్డానికి తలుపు తోసుకొచ్చారు. ఎవర్ని నమ్మమంటారు?"

చక్రవర్తి తుమ్మాడు.

దర్జీ తెగిన పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. మొగుడు ఏదో చెప్పబోతే ఆగమన్నట్టు చెయ్యెత్తి, ఆమె వైపు తిరిగాడు.

"ఎంత వదులుండాలో ఈసారి నువ్వు చెప్పమ్మా."