బల్ల మీది మహానగరం

మహానగర ప్రణాళికా మండలి వారు నగర సమస్యలన్నిటినీ పరిష్కరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పరిష్కారాలన్నీ వారి సమావేశ మందిరంలో, ఒక పెద్ద బల్ల మీద, అద్దాల మూత కింద భద్రంగా ఉన్నాయి. పనివేళల్లో ఎవరైనా వచ్చి చూడవచ్చు. అద్దం ముట్టుకోరాదు.

అసలు ఊరుందే, అది ఒకరి మాట వినే రకం కాదు. మండలి వారు ఒక కొస కొలిచి రెండో కొసకు వెళ్ళేలోగా మొదటి కొసన నాలుగు వీధులు వేసుకుని కూర్చుంటుంది. ఇంత పొగరుబోతు ఊరిని పాలించడం ఎలాగని పెద్దలు తలలు పట్టుకున్న వేళ, ప్రణాళికాధికారికి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. ఊరికి నమూనా ఒకటి చేయించి, దాన్ని చూస్తూ పాలిస్తే పోలేదా? ఈ అధికారిని ఆఫీసులో అందరూ స్కేలుబాబు అంటారు. ఆయన గీత గీస్తే అది వంకర పోవడం ఎవరూ చూడలేదు.

అట్టతో మేడలు, స్పాంజితో చెట్లు, జిగురుతో అంటించిన కార్లు. నమూనా ముచ్చటగా కుదిరింది. తీరా ప్రారంభోత్సవం నాటి ఉదయం మోసుకొస్తే మందిరం తలుపులో పట్టలేదు. జానెడు ఎక్కువైంది. గోడ పగలగొట్టాలంటే టెండరు పిలవాలి. ఊరిని కోయడానికి అటువంటి నిబంధన ఏదీ లేదు.

"ఎటుపక్క కొయ్యమంటారు సార్?" అన్నాడు వడ్రంగి, రంపం పట్టుకుని.

"ఏదో ఒక పక్క కొయ్యవయ్యా బాబూ! అవతల అధ్యక్షులవారు కారు దిగుతున్నారు!" అన్నాడు స్కేలుబాబు.

వడ్రంగి తన చేతికందిన పక్క కోశాడు. ఊరు సుఖంగా లోపలికి వెళ్ళింది.

ఆనాటి నుంచి స్వర్ణయుగమే. రోడ్లు స్తంభించాయని ఫిర్యాదు వస్తే సభ్యులు బల్ల చుట్టూ చేరి చూసేవారు. ఒక్క కారు మరొకదాన్ని గుద్దిన దాఖలా లేదు. పల్లపు వీధుల్లో నడుంలోతు నీళ్ళంటే అధ్యక్షులవారు అద్దాల మూత ఎత్తించి, స్వయంగా వేలు పెట్టి చూసి, పొడిగానే ఉందని ప్రకటించారు. మందిరంలో ఏసీ ఉండటం వల్ల నగర వాతావరణం ఏడాది పొడవునా చల్లగా ఉన్నట్టు నివేదిక తయారైంది. ఊడ్చే ఆవిడ రోజూ కుచ్చుతో దుమ్ము దులుపుతుంది కనుక పరిశుభ్రతలో మొదటి బహుమతి మన నగరానికే దక్కింది.

అంతా బాగుందనుకుంటున్న రోజుల్లో స్కేలుబాబు ఇంట్లో కుళాయి ఆగిపోయింది. వీధిలో బస్సు ఆగడం మానేసింది. దీపాలు వెలగడం మానేశాయి. ఆయన పరుగున వెళ్ళి బల్ల చూశాడు. తన వీధి ఉండవలసిన చోట బల్ల అంచు ఉంది.

"వీధిని మళ్ళీ పెట్టిస్తారా, నన్ను మా అన్నయ్య ఇంటికి పంపిస్తారా?" అంది భార్య, ఖాళీ బిందె ఎదురుగా పెట్టి. "కొయ్యమన్నది మీరే కదా మహానుభావా!"

మర్నాడు సమావేశంలో స్కేలుబాబు ధైర్యం కూడగట్టుకుని లేచాడు. "అయ్యా, ఈ అంచు అవతల ఒక వీధి ఉంది. నేను ఉండేది అక్కడే."

అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి.

"చూశారా నిజాయితీ!" అన్నారు ఆయన. "తాను ప్రణాళికకు విరుద్ధంగా కాపురం ఉంటున్నట్టు తనంతట తానే ఒప్పుకున్నాడు! ఇలాంటివాడు ఇంటికొకడుంటే ఈ నగరం ఎక్కడికో పోయేది!"

చప్పట్లు మిన్నంటాయి. బల్లకు వీధిని అతికిస్తే అందం చెడుతుంది గనుక, ఊళ్ళోంచే వీధిని తీసివేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ బాధ్యతను, ప్రమోషనుతో సహా, స్కేలుబాబుకే అప్పగించారు. చప్పట్లు కొట్టిన వారిలో ఆయన కూడా ఉన్నాడు. అలవాటు మరి.

ఇంటికి వచ్చి సంగతి చెబుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది. భార్య ఏడవలేదు. చెంగు దోపుకుని పక్క వీధి పిన్నిగారింటికి వెళ్ళింది. పచ్చడి జాడీ దగ్గర్నుంచి పురిటి సాయం దాకా ఇచ్చిపుచ్చుకున్న ఇల్లది.

"పిన్నిగారూ, రేపు నాతో మండలికి రండి. మా వీధి ఉందని ఒక్క మాట చెప్పండి, చాలు."

"ఉందమ్మా, ఎందుకు లేదూ? రోజూ చూస్తూనే ఉన్నాగా," అంది పిన్నిగారు. "కానీ ఆ మాట నేనన్నానంటే రేపు మా వీధి మీద పడతారేమో తల్లీ. పైగా..." అని గొంతు తగ్గించింది. "మీ కుళాయి ఆగినప్పటి నుంచి మాకు నీళ్ళు ధారగా వస్తున్నాయని మా ఆయన ఒకటే సంబరపడుతున్నాడు."

అని, మనసు నొప్పించకుండా మెల్లిగా తలుపు వేసుకుంది. పిన్నిగారు చెడ్డమనిషేమీ కాదు. పదిమందికీ సాయపడే మనిషి. అచ్చం మనలాంటిదే.