కొక్కెంలో ఇరుక్కున్న శనివారం

ఆ శనివారం ఉదయం సింహాచలం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి లిఫ్టు ఆన్ చెయ్యాలి, ఒంటిగంటకు పెరుగన్నం తినాలి, అయిదింటికి గో అనే చైనీసు సూపర్‌వైజర్ చేత వర్క్ పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. మధ్యలో లిఫ్టు ఒక్కసారి కూడా ఆగకూడదు. నలభై ఏడేళ్ళలో అతను దేవుణ్ణి ఇంత తక్కువ అడిగిన రోజు ఇంకొకటి లేదు.

లిఫ్టంటే ఫ్లాట్లలో ఉండే లిఫ్టు కాదు. ఇనుప తాడుకు వేలాడుతూ కొండ మీదికి వెళ్ళే కుర్చీలు. సింగపూర్‌లో కొండ అంటే అనకాపల్లి వాళ్ళు దిబ్బ అంటారు, అది వేరే సంగతి. కుర్చీకి ఇద్దరు కూర్చోవచ్చు. ప్రతి కుర్చీ పక్కనా ఒక కొక్కెం. దానికి సైకిల్ ముందు చక్రం తగిలిస్తే సైకిల్ పైకి పోతుంది. దాని వెనక కుర్చీలో మనిషి పోతాడు. పైన దిగి, ఆ సైకిలెక్కి, రాళ్ళలోనూ బురదలోనూ ఎగురుకుంటూ కిందికి వచ్చి, మళ్ళీ పైకి పోతాడు. కిందికి రావడం కోసం పైకి వెళ్ళడమనే సరదా బాగా చదువుకున్నవాళ్ళకే తోస్తుంది.

ఆ కొక్కేలు ముప్ఫై రెండూ వెల్డింగు చేసింది సింహాచలమే. గీసి ఇచ్చినవాడు ఇంజనీరు. ఆయన గీసిన రోజుల్లో సైకిల్ టైర్లు సన్నగా ఉండేవి. ఇప్పుడు లావు టైర్లు వచ్చాయి. అవి కొక్కెంలోకి ఎలాగో దూరతాయి గానీ బయటికి రావు. పైన ఉండే మారయ్యకు సైకిల్ ఊడదీయడానికి నాలుగు సెకన్లు టైముంటుంది. అంతలో ఊడకపోతే, పైనా కిందా ఉండే ఎర్ర బటన్లలో తన దగ్గరిది నొక్కుతాడు. లిఫ్టు ఆగుతుంది. కింద గదిలో గాజు డబ్బాలో ఉన్న అంకె ఒకటి పెరుగుతుంది. కిందటి శనివారం ఆ అంకె పదకొండు దాకా వెళ్ళింది.

"కొక్కేనికో అరగంట టైమిచ్చి వెల్డింగు మిషను ఇయ్యండి, ఎడల్పు చేసేస్తాను" అని సింహాచలం మూడుసార్లు అడిగాడు. "డ్రాయింగ్ ఈజ్ డ్రాయింగ్ లా" అన్నాడు గో మూడుసార్లూ, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకీ తగిలించే 'లా'తో సహా. మూడోసారి మాత్రం ఇంకో మాట కలిపాడు. "దిస్ సాటర్డే, ఒన్ టైమ్ స్టాప్, యూ గో హోమ్."

పర్మిట్ నెలాఖరుకి అయిపోతుంది. ఊళ్ళో కూతురు నిఖిల నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. తను ఏడో తరగతిలో వదిలేసిన చదువును ఆ పిల్ల అక్కడి నుంచి ఎత్తుకుని అంతదూరం మోసుకువచ్చింది. ఇప్పుడు తను ఇల్లు చేరితే అది ఆగిపోతుంది. అందుకని పొద్దున్నే వాకీటాకీలో మారయ్యకు గట్టిగా చెప్పాడు.

"మారయ్యన్నా, ఇయ్యాల ఏదైనా ఇరుక్కుంటే ఒగ్గెయ్. బటన్ జోలికి ఎల్లకు. అదే చుట్టూ తిరిగి నా దగ్గరికొస్తాది. నాను చూసుకుంతాను."

"ఇరుక్కుంటే ఒగ్గీడమే గదా. అలగే" అన్నాడు మారయ్య. ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఆ గుణం ఎంత దూరం వెళ్తుందో సింహాచలం అప్పటికి ఆలోచించలేదు.

పదింటికి ఒక బస్సు వచ్చి ఆగింది. ఆంగ్ మో కియోలో ఆఫీసున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు. వై-టూ-కే గండం గడిచి, లోకంలో ప్రతి కిరాణా కొట్టుకీ ఒక వెబ్‌సైటు కావాలనిపించిన రోజులవి. కంప్యూటర్ ముందు కుదురుగా కూర్చోగలిగినవాడికల్లా విమానం టికెట్టు వచ్చేది. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి వైస్ ప్రెసిడెంటు పరంధామయ్య వచ్చారు. ఎప్పుడో ఒక ఈమెయిల్‌లో ఆయన సైక్లింగంటే తనకు ప్రాణమని రాశారట. ఇక్కడి మేనేజరు సుధాకరరావు ఆ ముక్క పట్టుకుని టీమ్ బిల్డింగ్ పెట్టాడు. తనకొకటి, ఆయనకొకటి, కుర్రాళ్ళు నలుగురికీ నాలుగు, మొత్తం ఆరు కొత్త సైకిళ్ళు కొనిపించాడు. హోదాను బట్టి టైరు. పరంధామయ్యది ఎర్ర సైకిలు, అన్నిటికన్నా లావు టైరు.

దాన్ని చూడగానే సింహాచలం టైరు నొక్కి చూశాడు. "బాబూ, ఈ టైరు ఎక్కుతాది గానీ దిగదండి" అన్నాడు.

"నువ్వు తెలుగువాడివా! మంచిది. సర్ బండి కింద పడేసి మేం పైకి పోతామా? తగిలించవయ్యా" అన్నాడు సుధాకరరావు.

ఎర్ర సైకిల్ చక్రాన్ని భుజంతో నెట్టి కొక్కెంలో దూర్చాడు. దాని వెనక వరసగా మిగతా అయిదు. సైకిళ్ళు బయల్దేరాయి. ఇక మనుషులు ఎక్కాలి.

"సర్, ప్లీజ్, ముందు మీరు" అన్నాడు సుధాకరరావు.

"అబ్బెబ్బే, ఈ ఊరు మీది. మీరే ముందు" అన్నారు పరంధామయ్య.

కుర్చీ వెళ్ళిపోయింది.

"ఎంత మాట! మీరు ఎక్కకుండా నేనెలా ఎక్కుతాను సర్?"

"ఫార్మాలిటీస్ వద్దండీ. ఎక్కండి, ఎక్కండి."

ఇంకో కుర్చీ వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఎక్కకుండా కుర్రాళ్ళు ఎక్కకూడదు. కుర్చీకి కుర్చీకి మధ్య పదిహేను సెకన్లు. సింహాచలం ఖాళీ కుర్చీలు లెక్కపెట్టడం పద్నాలుగు దగ్గర మానేశాడు. ఒక సంగతి మాత్రం అతని కంటబడింది. పరంధామయ్య నోటితో ఎంత మర్యాద చేస్తున్నారో చేతులతో అంత గట్టిగా ప్లాట్‌ఫారం కటకటాలు పట్టుకుని ఉన్నారు. కుర్చీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ సుధాకరరావు కుడికాలు ఒక జానెడు వెనక్కి పోతోంది.

వాకీటాకీ గరగరలాడింది. "ఒరే సింవాచలం, సైకిళ్ళొచ్చేసినాయి, మనుసులేరి? అయిదు దించినాను. ఎర్రది ఇరుక్కుపోనాది. ఒగ్గీసినాను."

ఎనిమిది నిమిషాలకు ఎర్ర సైకిలు ఒంటరిగా కొండ చుట్టి దిగి వచ్చింది. సుధాకరరావు ముఖం మాడిపోయింది.

"సర్ బండి కింద, మా బండ్లు పైన! చూడ్డానికేమన్నా బాగుంటుందా? అన్నీ దించమను ముందు" అన్నాడు.

సింహాచలం పైకి కబురు చెప్పి, ఎర్ర సైకిల్ లాగబోయాడు. పరంధామయ్య గబగబా వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"లాగకయ్యా. తిరగనీ" అన్నారు, పెదవులు కదపకుండా.

"అదేటండి బాబూ?"

"ఏడో క్లాసులో ఒకసారి ఎక్కాను. కాలవలో పడ్డాను. మళ్ళీ ముట్టలేదు."

"మరి ప్రాణమని రాశారట గదండి?"

"ఈమెయిల్‌లో సవాలక్ష రాస్తాం. రాసినవన్నీ చెయ్యాలంటే కంపెనీలు నడుస్తాయా? నా పరువు నీ చేతిలో ఉంది. తిరగనీ."

ఎర్ర సైకిలు రెండో చుట్టుకు బయల్దేరింది. ఆగకుండా తిరిగేదానితో సింహాచలానికి గొడవేమీ లేదు. గాజు డబ్బాలో అంకె సున్నా దగ్గరే ఉంది. అది చాలు.

మిగతా అయిదూ దిగి వస్తున్నాయి. ఈసారి సుధాకరరావు గది వెనక్కి వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏమయ్యా, నా బండి కూడా సర్ బండిలాగే ఇరికించలేవా?"

"మీ టైరు సన్నమండి. ఇరుక్కోదు."

"ఎలాగోలా చూడవయ్యా! సర్ తొక్కకుండా నేను తొక్కితే ఏం బాగుంటుంది? అదీగాక..." అని ఆగిపోయాడు. ఆ అదీగాక ఏమిటో బెంచీ మీద పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన భార్య కమలాదేవి చెప్పింది.

"ఆయనకు సైకిలు రాదు బాబూ. నెలరోజుల నుంచి సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు కింద రోజూ నేర్చుకుంటున్నారు. ఇప్పటికి ఎక్కడం వచ్చింది."

సింహాచలం పాత గుడ్డపేలికలు తెచ్చి, కొక్కెంలో కుక్కి, సుధాకరరావు సైకిల్ని బిగించేశాడు. మేనేజరు బండి బిగిశాక కింది కుర్రాళ్ళు ముగ్గురూ అడగకుండానే పేలికలు అందించారు. ఒక్క శ్రీనాథ్ మాత్రం మొండికేశాడు. అందరిలోకీ చిన్నవాడు. నిజంగా సైకిలు తొక్కడం వచ్చినవాడూ అతనొక్కడే.

"అన్నా, నాది దించెయ్యండి. నేను తొక్కుతా" అన్నాడు.

"శ్రీనాథ్! టీమ్ బిల్డింగ్ అంటే ఏంటి?" అన్నాడు సుధాకరరావు.

"అందరూ కలిసి చెయ్యడం సర్."

"మరి?"

శ్రీనాథ్ తన పేలిక తనే కుక్కుకున్నాడు.

పదకొండున్నర కల్లా ఆరు సైకిళ్ళూ మనిషి సాయం లేకుండా కొండ ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. టీమంతా గడ్డి మీద కూర్చుని పులిహోర తింటూ వాటిని చూస్తోంది. ఎర్ర సైకిలు వచ్చినప్పుడల్లా సుధాకరరావు లేచి నిలబడుతున్నాడు. "మీ బండి ఎంత స్మూత్‌గా వెళ్తోందో చూడండి సర్!" "మీదీ బాగానే పికప్ అయింది" అంటున్నారు పరంధామయ్య. ఇద్దరూ పొద్దుటికంటే చాలా స్నేహంగా ఉన్నారు. ఒకరి భయం ఒకరికి తెలియదు కనక ఒకరి మీద ఒకరికి గౌరవం పెరిగింది.

మేడ మీది ఆఫీసు కిటికీలోంచి ఎర్ర సైకిలు అయిదోసారి పోవడం గో చూశాడు. దిగి వచ్చాడు. నడుముకు తాళాల గుత్తి, దానికి మూరెడు గొలుసు.

"వై దిస్ బైక్ గోయింగ్ రౌండ్ అండ్ రౌండ్?"

"స్టక్ సార్. బట్ నో స్టాప్" అన్నాడు సింహాచలం, గాజు డబ్బాలో సున్నా చూపిస్తూ.

గో చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్ళింది.

"సార్, యూ ప్రెస్, హూ గో హోమ్?"

గో చెయ్యి వెనక్కి వచ్చింది. అంకె ఎవరు నొక్కితే పెరిగిందో లిఫ్టు కంపెనీ పెద్దాఫీసు అడుగుతుందని అతనికీ తెలుసు. "యూ పీపుల్ నో టెక్నిక్ లా" అని, ఎర్ర సైకిలున్న కుర్చీ రాగానే అందులో తనే ఎక్కి కూర్చున్నాడు. సైకిలున్న కుర్చీలో మనిషి ఎక్కరాదని గోడ మీద బోర్డు రాయించింది కూడా అతనే. పైకి పోతూ రెండు చేతులా చక్రాన్ని లాగడం మొదలుపెట్టాడు. చక్రం ఊడలేదు. తిరిగింది. అతని నడుము గొలుసు చువ్వల్లో చుట్టుకుంది.

నాలుగు నిమిషాలకు వాకీటాకీ. "ఒరే సింవాచలం, గో సారు సైకిలికి ఇరుక్కుపోనారు."

"ఓలమ్మో! నువ్వేటి సేసినావు?"

"ఒగ్గీసినాను. నువ్వే గదా ఇరుక్కుంటే ఒగ్గీమన్నావు."

గో దిగి వస్తున్నాడు. దూరం నుంచే వినిపిస్తోంది. "స్టాప్! స్టాప్ లా!"

సింహాచలం చెయ్యి బటన్ మీద ఉంది. కళ్ళు సున్నా మీద ఉన్నాయి. ఒక్కసారి ఆగితే ఇంటికే అన్న మనిషే ఇప్పుడు ఆపమంటున్నాడు. రేపు పొద్దున ఏ మాట నిలబడుతుందో ఎవరికి తెలుసు? ముందు మాటకైనా ఇప్పటి మాటకైనా కాగితం లేదు. అతను ఇంకా ఆలోచిస్తుండగానే గో అతని ముందు నుంచి కేకలు వేసుకుంటూ మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

"సూపర్‌వైజర్ గారు స్వయంగా డెమో ఇస్తున్నట్టున్నారు" అన్నారు పరంధామయ్య. టీమంతా చప్పట్లు కొట్టింది.

కాగితం అన్న మాట దగ్గర సింహాచలానికి దారి దొరికింది. రెండో చుట్టు ముగించుకుని గో వచ్చేసరికి అతను అట్ట మీద పర్మిట్ కాగితం, పైన పెన్ను పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. కుర్చీ పక్కనే నడిచాడు.

"సార్, సైన్. దెన్ స్టాప్."

"యూ క్రేజీ! స్టాప్ ఫస్ట్!"

"స్టాప్ ఫస్ట్, ఐ గో హోమ్, సార్."

గో అతని ముఖం చూశాడు. ఎదురుగా కొండ చూశాడు. పెన్ను లాక్కుని సంతకం పెట్టాడు. అంతలో ప్లాట్‌ఫారం అయిపోయింది, కుర్చీ పైకి లేచింది. సింహాచలం కాగితం చూసుకున్నాడు. సంతకం ఉంది. పక్కన తేదీ గడి ఖాళీగా ఉంది. తేదీ లేని కాగితం వెనక్కి వస్తుందని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండేళ్ళ కిందట అలా వచ్చింది కూడా.

"సార్! డేట్!" అని అరిచాడు.

పై నుంచి వచ్చిన జవాబు చైనీసులో ఉంది. ఇంకో ఎనిమిది నిమిషాలు పట్టింది. మూడో చుట్టు చివర గో తేదీ వేశాడు. నెల, సంవత్సరం, అన్నీ విడివిడిగా, గుండ్రంగా. అప్పుడు సింహాచలం ఎర్ర బటన్ నొక్కాడు. అంకె ఒకటయింది.

గొలుసు కోసి గోను దింపారు. అతను ఎవరినీ తిట్టలేదు. చక్రం పట్టిన కొక్కేన్ని చాలాసేపు చూసి, "మండే, యూ వెల్డ్" అని మేడెక్కి వెళ్ళిపోయాడు. మూడుసార్లు అడిగినా చెవికెక్కని మాట మూడు చుట్లతో ఎక్కింది. సింహాచలం అయిదింటికి పెరుగన్నం తిన్నాడు. పులిసింది గానీ, ఈ దేశం వచ్చాక అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

సోమవారం పొద్దున వెల్డింగు మిషను కొండ దగ్గరికి వచ్చింది. సింహాచలం కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి కొక్కెం దగ్గర కూర్చున్నాడు. గో రెండు ఉత్తరాలు పట్టుకుని దిగి వచ్చి, మిషను ఆపించాడు. ఒకటి పరంధామయ్య రాసింది, ఇంకొకటి సుధాకరరావు రాసింది. ఒకరు రాసినట్టు ఇంకొకరికి తెలియకూడదని రెండిటి మీదా ఉంది. లోపల విషయం ఒకటే. తమ టీమ్ ఇంత ఐకమత్యంగా ఎప్పుడూ లేదని, ప్రతి శనివారం కంపెనీ తరఫున వస్తామని, కొక్కేలు మాత్రం దయచేసి మార్చవద్దని. పెద్దాఫీసు వెంటనే ఒప్పుకుంది.

సింహాచలం పర్మిట్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు, ఆ శనివారాలతో కలిపి.