వాటర్ పార్కుకు సిఫార్సు లెటరు

"ఇకపై ఈ డెల్టాలో ఏ కుటుంబమూ పూర్తి టికెట్ కొనుక్కుని సంతోషపడాల్సిన అవసరం లేదు" అని డెల్టా విహార సలహా మండలి ఛైర్మన్ ఈశ్వరప్రసాద్ గారు మే నెల రెండో సోమవారం నాడు తెనాలిలోని తమ ఇంటి వరండాలో ప్రకటించారు. నలుగురు విలేకరులు రాసుకున్నారు. ఐదో మనిషి రాసుకోలేదు. అతను విలేకరి కాదు, ఛైర్మన్ గారి చొక్కాకు ఊడిన గుండీ కుట్టడానికి వచ్చిన టైలర్ ఇమాముద్దీన్. చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది కాబట్టి, ఆ చరిత్రాత్మక ప్రకటన వెలువడే సమయానికి ఇమాముద్దీన్ ఆయన పొట్టకు జానెడు దూరంలో సూది పట్టుకుని ఉన్నాడు. అంత దగ్గర నుంచి విన్న మాటను ఎవరైనా ఎలా నమ్మకుండా ఉంటారు?

సలహా మండలి గురించి నాలుగు మాటలు చెప్పాలి. దానికి బడ్జెట్ లేదు, ఆఫీసు లేదు, ఛైర్మన్ గారికి జీతం లేదు. రాయితీ సిఫార్సులు రాయడానికి లెటర్‌హెడ్ మాత్రం ఉంది. పదవి వచ్చిన రోజే ఆయన ఐదు వేల కాగితాలు మూడు రంగుల్లో అచ్చు వేయించారు. ఏడాది తిరిగినా ఒక్కటి ఖర్చయితే ఒట్టు. తిరుమల దర్శనానికి లెటరు కావలసినవాళ్ళు ఎమ్మెల్యేల ఇళ్ళకు పోతారు గానీ సలహా మండలికి ఎందుకు వస్తారు? అంత సేవాభావం ఉన్న మనిషి ఇంట్లో ఐదు వేల కాగితాలు తెల్లగా పడి ఉండటం చూసి గిట్టనివాళ్ళు కూడా బాధపడేవారు.

ఇమాముద్దీన్ ఇరవై ఏళ్ళుగా నాయకుల చొక్కాలు కుడుతున్నాడు. ఆ ఇళ్ళ వరండాల్లో ఎదురుచూస్తూ, లెటర్లు పట్టుకుని మెట్లు దిగే మనుషుల మొహాలు చూశాడు. తిరిగొచ్చాక వాళ్ళు తన షాపుకు లడ్డూ తెచ్చి పెట్టి, లెటరు చూడగానే అక్కడ ఎంత మర్యాద చేశారో చెబుతుంటే, లడ్డూ కళ్ళకద్దుకుని తింటూ వినేవాడు. తనకు మాత్రం ఎన్నడూ లెటరు అవసరం పడలేదు. ఇప్పుడు పడింది.

అతని కూతురు సిమ్రాన్‌కు ఏడేళ్ళు. కర్లపాలెం దాటాక కాలువ పక్కన వాటర్ పార్కు ఒకటి ఉంది. అక్కడ నీలంరంగు జారుడుబండ మీద నుంచి జారిస్తానని ఇమాముద్దీన్ పోయిన వేసవిలో మాటిచ్చాడు. ఆ వేసవి పెళ్ళి చొక్కాలతో గడిచిపోయింది. ఈసారి జూన్ పన్నెండున బడి తెరిచేలోపు వెళ్ళి తీరాలని సిమ్రాన్ గడువు పెట్టింది. ఆ రోజు కోసం షాపులో గుడ్డపీలికల మూట మీద నుంచి రోజూ జారి ప్రాక్టీసు చేస్తోంది.

టికెట్ మనిషికి ఆరు వందలు. నాలుగు అడుగుల లోపు పిల్లలకు సగం. ఇమాముద్దీన్, భార్య రేష్మా, తల్లి ఇమాం బీ, సిమ్రాన్, అంతా కలిసి రెండు వేల ఒక వంద. సిమ్రాన్ ఎత్తును ఇమాముద్దీన్ టేపుతో కొలిచి తలుపు మీద నాలుగు అడుగుల దగ్గర సుద్దతో గీత గీశాడు. పిల్ల మూడు అడుగుల పదకొండు ముప్పావు అంగుళాలు. అవసరమైతే పిల్ల మోకాళ్ళు కాస్త వంచి నిలబడుతుందిలే అని ఇమాం బీ సలహా ఇచ్చింది. కొలతల దగ్గర అబద్ధం ఆడితే వృత్తికి మచ్చని కొడుకు ఒప్పుకోలేదు.

రేష్మాకు వేరే దారి దొరికింది. కిరాణా కొట్టులో ఇచ్చిన పాంప్లెట్ చూపిస్తే మనిషికి వంద తగ్గిస్తారట, ఈ నెలాఖరు దాకా. అదే మాట మొగుడితో అంది. ఇమాముద్దీన్ జాలిగా నవ్వాడు.

"పాంప్లెట్ ఎవరికైనా ఇస్తారు రేష్మా. లెటరు మనిషిని చూసి ఇస్తారు."

ఆ పాంప్లెట్ మంచి దళసరి కాగితం. వృథా చేయడం ఇష్టంలేక ఆ సాయంత్రమే దాన్ని ఛైర్మన్ గారి కొత్త చొక్కాకు కాలర్ కొలతగా కత్తిరించి, షాపులో మేకుకు తగిలించాడు. మిగిలిన ముక్కలు చీపురుకు పోయాయి.

మర్నాడు లెటరు అడగ్గానే ఛైర్మన్ గారి కళ్ళు చెమర్చాయి. ఏడాదిలో మొదటి మనిషి. ఆయన ఇమాముద్దీన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. పి.ఏ. గోపీకృష్ణ నలుగురి ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు, కుటుంబమంతా కలిసి దిగిన ఫోటో అడిగి తీసుకున్నాడు. అతనికి ఇలాంటి లెటర్లు రాసి అలవాటు లేదు. ఎక్కడి నుంచో తిరుమల లెటరు నమూనా సంపాదించి, దర్శనం అన్నచోట జారుడు అని మార్చాడు. లెటరు చక్కగా వచ్చింది.

"ఈ లేఖ తెచ్చు ఇమాముద్దీన్ కుటుంబము నాకు చిరకాల పరిచయస్తులు. వీరికి టికెట్టులో తగు రాయితీ ఇచ్చి, శీఘ్ర జారుడు కల్పించవలసినదిగా కోరుచున్నాను. కుటుంబ సభ్యులు సంప్రదాయ దుస్తులలో హాజరగుదురు."

ఇమాముద్దీన్ ఆ లెటరును ఇంట్లో మూడుసార్లు చదివి వినిపించాడు. ఇది చదవగానే గేటు దానంతటదే తెరుచుకుంటుందని సిమ్రాన్‌కు హామీ ఇచ్చాడు. సంప్రదాయ దుస్తుల్లో నీళ్ళలోకి ఎలా దిగుతారని రేష్మా అడిగింది. అది ప్రోటోకాల్ అని చెప్పాడు. ఆ మాటకు అర్థం అతనికీ తెలియదు గానీ, వరండాల్లో చాలాసార్లు విన్నాడు.

అంతలో గోపీకృష్ణకు ఒక ధర్మసందేహం వచ్చింది. తెనాలి ఒక జిల్లా, పార్కున్న బాపట్ల వైపు ఇంకో జిల్లా. జిల్లా దాటిన లెటరుకు ఆ జిల్లా వైస్ ఛైర్మన్ చౌడేశ్వరి గారి సంతకం కూడా ఉంటే బలం. ఇమాముద్దీన్ ఒక రోజు షాపు మూసి బాపట్ల వెళ్ళాడు. మేడం గారు రేపల్లెలో సన్మానానికి వెళ్ళారన్నారు. ఇంకో రోజు షాపు మూసి రేపల్లె వెళ్ళాడు. సన్మానం పూర్తయ్యేదాకా వెనక వరసలో కూర్చుని, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, చివరికి లెటరు ముందుపెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"అంటే తెనాలి వాళ్ళే జారతారా? మా బాపట్ల పిల్లలు పిల్లలు కాదా?"

ఆ ప్రశ్నలోని న్యాయం ఎంత గొప్పదంటే, ఆవిడ లెటరు మీద సంతకం పెట్టి, అక్కడికక్కడే యాభై కుటుంబాల జాబితా రాయించారు. వేదిక మీదున్న రేపల్లె పెద్దలు తామేం పాపం చేశామని మరో అరవై పేర్లు ఇచ్చారు. ఇమాముద్దీన్‌తో కలిపి నూట పదకొండు. అతను రాత్రి బస్సులో తెనాలి చేరేసరికి అతని లెటరు ఒక పథకం అయిపోయింది. రెండుసార్లు బస్సు చార్జీలు, మూసిన షాపు లెక్కేస్తే పాంప్లెట్ తగ్గింపు ఎప్పుడో దాటిపోయామని రేష్మా అంది. ఇమాముద్దీన్ అన్నంలోకి మజ్జిగ అడిగి పోయించుకున్నాడు.

పథకం అన్నాక ఏర్పాట్లుంటాయి. లెటర్లు తడిస్తే పరువు తక్కువ కాబట్టి నూట పదకొండూ లామినేషన్ చేయించారు. లామినేషన్ షాపు గోపీకృష్ణ బావమరిదిది కావడం కలిసొచ్చింది. నూట పదకొండు నీలం కండువాలు ఇమాముద్దీన్‌ను కుట్టమన్నారు. కూలి అడగబోతే, తొలి లబ్ధిదారుడివి నువ్వే కదా అని ఛైర్మన్ గారు భుజం తట్టారు. తొలి లబ్ధిదారుడు వారం రోజులు మిషన్ మీద నుంచి లేవలేదు. ఆ వారంలోనే పాంప్లెట్ గడువు ముగిసింది. జూన్ మూడున సిమ్రాన్ తలుపు దగ్గర నిలబడితే, తల నాలుగు అడుగుల గీతకు వెంట్రుకవాసి పైకి వచ్చింది. పిల్ల గంతులేసింది. తండ్రి టేపు మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాడు.

ఛైర్మన్ గారికి తీరిక దొరికిన రోజు జూన్ పది, మంగళవారం. పార్కు వాళ్ళకు ఒక ఫోన్ చేస్తే బాగుంటుందేమోనని ఇమాముద్దీన్ అన్నాడు. లెటరు చేతికి ఇస్తేనే విలువ, ఫోన్లో చెబితే పలచనైపోతామని గోపీకృష్ణ నచ్చచెప్పాడు.

మంగళవారం వాళ్ళ వీధికి నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు. వారానికి ఒక్కసారే వస్తుంది. బిందెలు వరసలో పెట్టి, చూస్తుండమని పక్కింటి కరుణశ్రీకి అప్పజెప్పి, రేష్మా బస్సెక్కింది. ఊరేగింపు తెనాలి నుంచే బయల్దేరాలని అన్ని కుటుంబాలనూ అక్కడికే రప్పించారు. పది బస్సులు, ముందు ఛైర్మన్ గారి కారు. మొదటి బస్సు పక్కన ఇరవై అడుగుల ఫ్లెక్సీ. అందులో ఛైర్మన్ గారు చేతులు జోడించి, నీటి అలల మధ్య నుంచి నడుము దాకా పైకి లేచి చిరునవ్వు నవ్వుతున్నారు. పొన్నూరు దాటుతుండగా కరుణశ్రీ ఫోన్ చేసింది.

"వదినా, ట్యాంకరు ఇంకా రాలేదు. ఈరోజు రాదంట."

పార్కు గేటుకు తాళం ఉంది. లోపల మలుపులు తిరిగిన నీలంరంగు జారుడుబండ ఎండలో మెరుస్తోంది. వాచ్‌మన్ పొట్లంలో ఇడ్లీ తింటున్నాడు. గోపీకృష్ణ లెటరు చూపించాడు. అతను చెయ్యి కడుక్కొచ్చి, లెటరును రెండు చేతులా అందుకుని, చివరి దాకా చదివి, వెనక్కి తిప్పి కూడా చూసి, మర్యాదగా తిరిగిచ్చాడు.

"లెటరు చాలా బాగుందండి. కాకపోతే ఈరోజు సెలవండి. నీళ్ళు వదిలేసి తొట్లు కడుగుతున్నారు."

గేటు పక్క గోడకు ఆ పాంప్లెటే అంటించి ఉంది. నిండుగా, ఏ కత్తెరా పడకుండా. ఇమాముద్దీన్ దాని కింది భాగం చూశాడు. పదహారున్నర అంగుళాల కాలర్ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అతని కంటికి గీత గీసినట్టు కనిపించింది. సరిగ్గా ఆ వంపు మధ్యలో 'మంగళవారం సెలవు' అని ఉంది.

ఇంకొకరైతే తడబడేవారు. ఈశ్వరప్రసాద్ గారు కారు డోరు మీద చెయ్యేసి, గంభీరంగా ప్రసంగించారు. ఈరోజు నూట పదకొండు కుటుంబాల్లో ఒక్కటి కూడా టికెట్ మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదని, ఆదా నూటికి నూరు శాతమని, ఇలాంటి ఫలితం ఇంతవరకు ఏ పథకమూ సాధించలేదని చెప్పారు. విలేకరులు రాసుకున్నారు. నీలం కండువాలు చప్పట్లు కొట్టాయి. తొలి లబ్ధిదారుణ్ణి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇమాముద్దీన్ నోరు తెరిచి, చాలా సంతోషం సార్ అన్నాడు. తర్వాత ఛైర్మన్ గారు, వైస్ ఛైర్మన్ గారు, గోపీకృష్ణ కర్లపాలెంలో ఒక అభిమాని ఇంట్లో భోజనానికి వెళ్ళారు.

సిమ్రాన్ గేటు ఊచల మధ్య మొహం పెట్టి లోపలికి చూస్తూనే తండ్రిని పిలిచింది.

"అబ్బా, లెటరు చదివితే గేటు తెరుచుకుంటుందన్నావుగా. ఆయన సరిగ్గా చదవలేదేమో. మళ్ళీ చదవమను."

ఇమాముద్దీన్‌కు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళలో ఎన్ని చొక్కాలు కురచైనా, ఎన్ని తిట్లు తిన్నా అంత సిగ్గు పడలేదు. ఎల్లుండి బడి. పిల్ల ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు.

అప్పుడే రోడ్డు మీద ట్యాంకరు ఒకటి వచ్చి ఆగింది. కార్యక్రమానికి తాగునీటి సౌకర్యం కింద ఛైర్మన్ గారు తెనాలి నుంచి తెప్పించినది. డ్రైవరు వీరాస్వామిని చూడగానే రేష్మా గుర్తుపట్టింది. వాళ్ళ వీధి మంగళవారం ట్యాంకరే. ఆమె ఖాళీ టిఫిన్ క్యారియర్ గిన్నెలు నాలుగూ విప్పి, పంపు కింద వరసగా పెట్టింది.

ఇమాముద్దీన్ ట్యాంకరును చూశాడు, రోడ్డు దిగువకు గడ్డితో ఏటవాలుగా దిగుతున్న కాలువ గట్టును చూశాడు, బస్సు పక్కన నవ్వుతున్న ఛైర్మన్ గారిని చూశాడు. జేబులోంచి కత్తెర తీసి ఫ్లెక్సీ తాళ్ళు నాలుగూ కత్తిరించాడు. ఆ నాయకుడి గుండీలు తప్ప ఇంకేదీ ఎప్పుడూ ముట్టుకోని చేతులు అవి. ఫ్లెక్సీని గట్టు మీద పరిచాడు, తల పైకి, జోడించిన చేతులు కిందికి. వీరాస్వామిని పైపు పట్టమన్నాడు.

వీరాస్వామి రేష్మా వైపు చూశాడు.

"ఇవి మీ వీధి నీళ్ళేనమ్మా. పోసేస్తే మళ్ళీ వారం దాకా రావు."

రేష్మా కూతురి వైపు చూసింది.

"పొయ్యి అన్నా."

మొదటిసారి సిమ్రాన్ ఛైర్మన్ గారి నుదుటి దగ్గర బయల్దేరి మీసాల దగ్గర ఆగిపోయింది. తడిసిన గౌను అంటుకుపోయి జారనివ్వలేదు. పైన పిల్లలు తోసుకుంటున్నారు. ఇమాముద్దీన్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత సంచిలోంచి నునుపుగా మెరుస్తున్న లామినేషన్ లెటరు తీసి, కూతురి కింద వేసి కూర్చోబెట్టి, వెనక నుంచి చిన్నగా తోశాడు. సిమ్రాన్ మీసాలు, గడ్డం, కండువా, చేతులు దాటి సర్రున కిందికి దూసుకుపోయి బురదలో కూలబడింది. లేచి వేసిన కేకకు వాచ్‌మన్ పొట్లం వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాడు.

అంతే, నూటపది కుటుంబాలూ లెటర్లు బయటికి తీశాయి. ఇమాం బీ కూడా గట్టు మీద కూర్చుని ఎవరి దగ్గరైనా ఒకటి ఎక్కువుందా అని వాకబు చేసింది. గంట గడిచేసరికి గట్టు అవతలి గుడిసెల పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. ఒంటి మీద కండువాల్లేవు, చేతుల్లో ఏమీ లేదు.

వరసలో ముందున్న పిల్ల, పేరు సాయి సుధ, సిమ్రాన్ ఈడుదే. కాసేపు అందరినీ చూసి మెల్లగా అడిగింది.

"అది లేకపోతే జారనివ్వరా?"

సిమ్రాన్ తన లెటరును గౌనుకు తుడిచింది. మూడు రంగులు, రెండు సంతకాలు, ఒక స్టాంపు. దాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నాది తీసుకో. దీని మీదైతే తొందరగా వెళ్తావు."